ముప్పై తొమ్మిదో పక్షి

ఆ రోజు ఉదయం పిట్టలాయన పెట్టుకున్న ఘనకార్యం గడ్డం గీసుకోవడం ఒక్కటే. ఇంట్లో ఆ భాగ్యం దొరకలేదు. ఆయన భార్య టైలరు. తెల్లారేసరికే ఇద్దరు ఆడవాళ్లు కొత్త బట్టలు వేసి చూసుకోవడానికి వచ్చి, గోడకు ఏటవాలుగా ఆనించిన నిలువుటద్దం ముందు అటు తిరిగీ ఇటు తిరిగీ నడుము దగ్గర లూజా టైటా అని తేల్చుకుంటున్నారు. మనిషంత ఎత్తున్న అద్దం ఆ ఇంట్లో అదొక్కటే. దాని మీద పెత్తనమంతా ఆవిడదే. ఇంట్లో కత్తెర పోయినా, గుండీ పోయినా, ఆయన కళ్లజోడు పోయినా ఆవిడ ఒకే మాట అనేది.

"ముందు అద్దం వెనక చూడండి. పోయినవన్నీ అక్కడికే చేరతాయి."

ఆయన మాత్రం ఇల్లంతా తిరగేసేవాడే కానీ, పెళ్లయిన పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా ఆ అద్దం వెనక చూసిన పాపాన పోలేదు. ఆ పూట సబ్బూ, బ్లేడూ, అరచేతంత చేతి అద్దమూ జేబులో వేసుకుని సైకిలెక్కి పనిలోకి వెళ్లిపోయాడు.

పిట్టలాయన అంటే పిట్టలు పట్టేవాడు కాదు, సాకేవాడు. అంతరించిపోతున్న పక్షుల చేత పిల్లల్ని పెట్టించి, ఆ పిల్లల్ని మళ్లీ అడవికి పంపడానికి ఊరి చివర ఒక కేంద్రం ఉంది. ఆయన అక్కడ పదహారేళ్లుగా పని చేస్తున్నాడు. కేంద్రం అంటే ఏదో ఊహించుకోకండి. ఒక ఆఫీసు గది, ఒక మేత గది, రెండంతస్తుల ఇల్లంత పంజరం, అందులో సిమెంటుతో కట్టిన కొండ గట్లు, ఆ గట్ల మీద బోడికంకణాలనే పక్షులు పదకొండు. నల్లటి ఒళ్లు, కొడవలిలా వంగిన ముక్కు, నున్నటి ఎర్రటి గుండు, గుండు వెనక మెడ మీద నాలుగు పొడుగాటి ఈకలు. అవి అందగత్తెలని వాటిని కన్నతల్లి కూడా అనదు. పిట్టలాయన అంటాడు. వేలెడు పిల్లలుగా వచ్చినప్పుడు వాటి నోట్లో పురుగులు పెట్టి పెంచింది ఆయనే.

అడవిలో ఈ పక్షిని ఎవరైనా చూసి ఎనిమిదేళ్లయింది. ఇక్కడున్నవి గుడ్డు పెట్టాలి, అదొక్కటే దారి. కానీ ఈ జాతి బుద్ధి నలుగురితో పాటు నారాయణ అనే రకం. చుట్టూ పాతికా ముప్పై జంటలు పుల్లల కోసం పోట్లాడుకుంటూ గూళ్లు కడుతుంటే తప్ప వీటికి సంసారం మీద మనసు పోదు. పదకొండే ఉండేసరికి, రైలు రాని స్టేషనులో ప్రయాణికుల్లా దూరం దూరంగా కూర్చునేవి. నాలుగేళ్లుగా ఒక్క గుడ్డు లేదు. ఈ సీజనులోనూ గుడ్డు కనబడకపోతే కేంద్రాన్ని మూసేసి పక్షుల్ని జంతుశాలకు పంపేస్తామని పై ఆఫీసు ఉత్తరం రాసింది. అక్కడికి చేరితే అవి జనం చూసే బొమ్మల కిందే లెక్క. ఒక్కొక్కటే రాలిపోతాయి, జాతి అక్కడితో సరి. ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ పిట్టలాయనకు అన్నం సహించడం లేదు.

ఆయన పంజరం వల పక్కన స్టూలు వేసుకుని, అద్దాన్ని వలకు తగిలించి, మొహానికి సబ్బు రాసుకున్నాడు. ఒక చెంప అయింది. రెండో చెంపకు అద్దాన్ని తిప్పాడో లేదో, గట్టు మీది నుంచి ఒక పక్షి దిగి వచ్చింది. అద్దంలోకి చూసింది. మెడ ముందుకు చాచి, తల వంచి, నిండుగా ఒక దండం పెట్టింది. అద్దంలోది కూడా పెట్టింది. ఇది మళ్లీ పెట్టింది. తోటి పక్షి కనబడితే మర్యాదగా ఇలా వంగడం వాటి పద్ధతి. నాలుగేళ్లుగా ఒకదానికొకటి ఆ మర్యాద కూడా మానేశాయి. పిట్టలాయన సగం గడ్డంతోనే ఆఫీసు గదిలోకి పరిగెత్తాడు.

కేంద్రానికి పెద్ద అయిన డాక్టరమ్మ ఆయన చెప్పింది విని, ముందు ఆయన చెంప వైపు చూసింది.

"అంటే అద్దాలు పెడితే గుంపు ఉందనుకుంటాయంటారు."

"అనుకుంటాయో లేదో తెలీదు మేడం. కానీ అరచేతంత అద్దానికే అంత మర్యాద చేసిందే, మనిషంత అద్దానికి ఇంకెంత చేస్తుంది?"

"సరే, పోయేదేముంది. కానీ ఎల్లుండి తలుపుకి తాళం వేసేస్తాను. సీజను అయ్యేదాకా లోపలికి ఎవరూ అడుగు పెట్టకూడదు, మీరైనా సరే. ఏం పెట్టినా ఈ రెండు రోజుల్లోనే పెట్టాలి."

అద్దాలకు డబ్బు మంజూరు కావాలంటే కాగితం పైకి వెళ్లి కిందికి వచ్చేసరికి పక్షులు ముసలివవుతాయి. పిట్టలాయన సెలూను నడిపే బామ్మర్ది దగ్గరకు వెళ్లాడు.

"ఒరేయ్, నీ షాపులో ఒక్కడు కూర్చుంటే వందమంది కూర్చున్నట్టు కనిపిస్తారు కదా. అదెలారా?"

"ఎదురెదురుగా అద్దాలు పెట్టడమే బావా. ఉన్న ఒక్క గిరాకీని చూసి నేనే మురిసిపోతుంటాను. ఎందుకు, షాపు పెడుతున్నావా?"

విషయం విన్నాక బామ్మర్ది పడీ పడీ నవ్వాడు కానీ, మనసున్నవాడు. షాపుకు రంగులు వేయిస్తున్నాడు కాబట్టి ఉన్న రెండు పెద్ద అద్దాలూ పదిహేను రోజులకు ఇస్తానన్నాడు. అవి చాలవు, మూడోది కావాలి. మూడోది ఎవరింట్లో ఉందో ఇద్దరికీ తెలుసు.

"అక్కని అడుగుతావా?" అన్నాడు బామ్మర్ది.

"అడిగితే ఇవ్వదురా."

"అడక్కపోతే చంపుతుంది."

"అది తర్వాత కదా."

మర్నాడు ఆవిడ బజారుకు వెళ్లిన గంటలో నిలువుటద్దం దుప్పటి కప్పుకుని తోపుడుబండి మీద కేంద్రానికి చేరింది. బామ్మర్ది తన పనితనమంతా చూపించి, రెండు అద్దాల్ని ఎదురెదురుగా కట్టి, మూడోదాన్ని చివర గట్టు మీద, ఇంట్లో ఉన్నట్టే గోడకు ఏటవాలుగా ఆనించాడు. పక్షులకు అనుమానం రాకుండా అంచులన్నిటికీ గడ్డి చుట్టాడు. డాక్టరమ్మ తాళం వేసి చెవి తన దగ్గరే ఉంచుకుంది. పిట్టలాయన ఇంటికి వచ్చేసరికి భార్య ఖాళీ గోడ ముందు నిలబడి ఉంది.

"అద్దం ఏదండీ?"

"చట్రం ఊగుతోందని వడ్రంగికిచ్చాను."

"పదిహేనేళ్లుగా ఊగుతోంది. ఇవాళే కనిపించిందా మీకు? ఎప్పుడిస్తాడు?"

"రెండు రోజుల్లో."

ఆ రెండు రోజులు నాలుగయ్యాయి, ఆ నాలుగూ వారం అయ్యాయి. బట్టలు చూసుకోవడానికి వచ్చినవాళ్లు "ఎలా ఉందో నాకెలా తెలుస్తుంది?" అని అడిగితే టైలరమ్మ "నేను చెబుతున్నాగా, బాగుంది" అనేది. ఒకావిడ నమ్మింది. ఇంకొకావిడ పక్కవీధి టైలరు దగ్గరకు వెళ్లిపోయింది. ఇంట్లో కంచాలు కొంచెం గట్టిగా చప్పుడు చేయడం మొదలుపెట్టాయి.

పంజరంలో మాత్రం సందడే సందడి. పక్షులు పొద్దున లేచింది మొదలు అద్దాల ముందు దండాలు పెట్టుకోవడం, రెక్కలు సర్దుకోవడం, అరుచుకోవడం. గొట్టంలోంచి లోపలికి తోసే పుల్లలూ గడ్డీ సాయంత్రానికి మాయమైపోయేవి. కానీ ఏ గట్టు మీదా గూడు లేదు. ఎలుకలు ఎత్తుకుపోతున్నాయేమోనని పిట్టలాయన బెంగపడ్డాడు. ఇంకో బెంగ ఏమిటంటే, అద్దాలు పెట్టాక ఎన్ని పక్షులున్నాయో ఆయనకే లెక్క తేలడం లేదు. నిజం పక్షికీ అద్దంలో పక్షికీ తేడా పోల్చుకునేలోపు రెండూ ఎగిరి చోటు మారేవి.

సరిగ్గా అప్పుడు తనిఖీ ఆఫీసరు ఊడిపడ్డాడు. ఆ రోజు డాక్టరమ్మ ఇంకో ఏడాది గడువు అడగడానికి పై ఆఫీసుకు వెళ్లింది. ఆఫీసరు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. పైగా తొందరలో ఉన్నాడు. పంజరం పక్కన చెక్కలతో కట్టిన చాటుగది ఉంది. పక్షులకు మనిషి కనబడకుండా, గోడలో జానెడు సందులోంచి చూడాలి. దానికి యాభై అడుగుల దూరంలో "ఇక్కడి నుంచి మాట్లాడరాదు" అని బోర్డు. పిట్టలాయన పదహారేళ్లలో ఆ బోర్డు దాటి దగ్గి కూడా ఎరుగడు. చెప్పాల్సింది బోర్డుకు ముందే చెప్పాలని ఆయన నోరు తెరిచేసరికి, ఆఫీసరు ఫోనులో మాట్లాడుతూనే బోర్డు దాటేశాడు. దాటాక ఫోను మాటలు ఆపేశాడు, పిట్టలాయన నోరూ మూతపడింది.

ఆఫీసరు టోపీ తీసి, సందులో మొహం పెట్టి, వేలితో గాలిలో పొడుస్తూ లెక్కపెట్టాడు. మొహం తీయకుండానే, గడ్డం కింద ఫోను పెట్టి ఒక ఫొటో తీశాడు. పుస్తకంలో 39 అని రాసి, మెచ్చుకోలుగా పిట్టలాయనకు చూపించాడు.

పిట్టలాయన ఆ అంకె మీద వేలు పెట్టాడు. కాదు కాదని తల ఊపాడు. పది వేళ్లు చూపించి, తర్వాత ఒక వేలు చూపించాడు. ఆఫీసరు ఇంకో పదకొండు తప్పిపోయాయేమోనని మళ్లీ లెక్కపెట్టి, మళ్లీ ముప్పై తొమ్మిదే వచ్చాయని సంతృప్తి పడ్డాడు. ఇలా కాదని పిట్టలాయన అద్దం సంగతి అభినయించాడు. ఎడమ అరచేతిని మొహం ముందు పెట్టుకుని, కుడిచేత్తో శ్రద్ధగా తల దువ్వుకున్నాడు. ఆఫీసరు మొహం మారింది. టోపీ తీసిన ఆయన తల మీద దువ్వుకోవడానికి ఏమీ లేదు. అర్థం కాలేదనుకుని పిట్టలాయన మరింత వివరంగా ఇంకోసారి దువ్వుకుని, పక్షుల వైపు వేలు చూపించి, తన తల తట్టుకున్నాడు. ఆఫీసరు టోపీ నెత్తిన కొట్టుకుని విసవిసా బయటికి నడిచాడు. పిట్టలాయన వెనకే పరిగెత్తాడు. బోర్డు దాటి నోరు తెరిచేసరికి జీపు తలుపు పడింది.

"వెటకారాలు నా దగ్గర కాదయ్యా," అన్నాడు ఆఫీసరు కిటికీలోంచి. "అయినా రిపోర్టు బాగానే రాస్తాను. పని వేరు, మర్యాద వేరు."

ఆ రిపోర్టు ఎంత బాగా ఉందో నాలుగో రోజు తెలిసింది. డాక్టరమ్మ ఉత్తరం చదువుతుంటే పిట్టలాయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"పక్షుల సంఖ్య ముప్పై తొమ్మిది. అన్నీ ఆరోగ్యంగా, ఒకరినొకరు గౌరవించుకుంటూ ఉన్నవి. ముఖ్యంగా ఒక వయసు మళ్లిన మగపక్షి మూల నుంచి నిర్భయంగా నా వైపే చూసినది. ఎంతో హుందా అయినది." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కాబట్టి ఇందులోంచి ఇరవై నాలుగు పక్షుల్ని రెండు కొత్త కేంద్రాలకు పంపాలట. సోమవారం లారీ వస్తుందట."

"పదకొండులోంచి ఇరవై నాలుగా మేడం?"

"అదే నేనూ అడగాలి. అడిగితే పదకొండే అని చెప్పాలి. పదకొండే అంటే గుడ్డు ఏదంటారు. గుడ్డు లేదంటే మూసేస్తారు."

"చెప్పకపోతే?"

"లారీలోకి అద్దాలు ఎక్కించాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి నిజమే రాద్దామన్నది డాక్టరమ్మ. అబద్ధం చెప్పి కాపాడితే అవి అబద్ధం పక్షులే అవుతాయని అనుకుంది. పిట్టలాయన తల ఊపి, మేత గదిలోకి వెళ్లి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు. ఉత్తరం ఇటు నుంచి బయల్దేరింది, లారీ అటు నుంచి బయల్దేరింది. దారిలో రెండూ ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి.

సోమవారం ఉదయం గేటు దగ్గర లారీ ఆగింది. అందులో ఇరవై నాలుగు ఖాళీ పెట్టెలు. దాని వెనక జీపు, జీపులో ఆఫీసరు. ఆయన దిగేలోపే తోపుడుబండి వచ్చింది. రంగులు ఆరిపోయాయి, అద్దాలు కావాలని బామ్మర్ది. బండి పక్కన నడుస్తూ టైలరమ్మ. నిన్న రాత్రి తమ్ముడు మాట వరసకు "అక్కా, నీ అద్దం కూడా తెచ్చెయ్యనా?" అన్నాడు. అంతే, వడ్రంగి కథ ముగిసింది.

"బావా, నన్నేం అనకు," అన్నాడు బామ్మర్ది. "గిరాకీలు తల వెనక ఎలా ఉందో చూపించమంటున్నారు. వాళ్లకి ఫోనులో ఫొటో తీసి చూపిస్తున్నాను."

టైలరమ్మ పంజరం వైపు చూసి కొంగు నడుముకు బిగించింది. అది చూసి ఆయనకు భయం వేసింది.

"ఎవరు వీళ్లంతా?" అన్నాడు ఆఫీసరు.

"అద్దాల వాళ్లు సార్," అన్నాడు పిట్టలాయన. ఇక దాచేదేముందని, బోర్డుకు ఇవతలే నిలబడి, గడ్డం గీసుకున్న రోజు దగ్గర నుంచి మొత్తం చెప్పేశాడు. డాక్టరమ్మ అవునవునంది. ఆఫీసరు ఒప్పుకోలేదు.

"అద్దాలేంటి, పక్షులేంటి? బట్టతలకీ మోకాలికీ ముడిపెట్టకండి," అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నాడు. "నా కళ్లతో లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది. తలుపు తియ్యండి."

సీజను ఎలాగూ అయిపోయినట్టే. డాక్టరమ్మ తాళం తీసింది. అందరూ మెల్లగా లోపలికి వెళ్లారు. పక్షులు పైగట్టు మీదికి ఎగిరి వరసగా కూర్చుని కిందికి చూశాయి. అద్దాల్లో ఇప్పుడు ఆఫీసర్లు అరడజను మంది, బామ్మర్దులు పదిమంది కనబడుతున్నారు. ఆఫీసరు ఆ గుంపును చూసి కాస్త తడబడ్డాడు. తర్వాత పైగట్టు వైపు వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"తొమ్మిది," అన్నాడు. "ముప్పై తొమ్మిదీ కాదు, మీరు చెప్పిన పదకొండూ కాదు. తొమ్మిదే ఉన్నాయి. మిగతా రెండూ ఏవయ్యా?"

పిట్టలాయన లెక్కపెట్టాడు. తొమ్మిదే. అద్దాల మాయలో పడి, రెండు పక్షులు పోయినా చూసుకోలేదు. ఎప్పుడు చచ్చిపోయాయో, వలలో ఎక్కడ చిల్లు పడి వెళ్లిపోయాయో. చేతులతో తినిపించి పెంచినవి. ఆయన సిమెంటు గట్టు మీద కూలబడి, "నా వల్లే పోయాయి మేడం" అన్నాడు. డాక్టరమ్మ మూలమూలలా వెతికింది, బామ్మర్ది వల పట్టుకుని చూశాడు, ఆఫీసరు పుస్తకం తెరిచి ఏదో రాయబోయాడు.

టైలరమ్మ అదంతా ఒక నిమిషం చూసింది. మొగుడి మీద ఎంత కోపంగా ఉన్నా, ఆయన మొహం అలా ఉండడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆవిడ తన పనిలో తాను వెళ్లినట్టు చివరి గట్టు దగ్గరికి వెళ్లి, తన అద్దం పక్కన వంగి, దాని వెనకకు చూసింది. అలాగే వంగి చెయ్యెత్తింది.

"అందరూ నోళ్లు మూసుకుని బయటికి నడవండి," అంది గుసగుసగా. "మీరొక్కరూ ఇలా రండి."

పిట్టలాయన పాకుతూ వెళ్లాడు. గోడకూ, ఏటవాలు అద్దానికీ మధ్య చీకటిగా ముక్కోణం చోటు. అందులో మాయమైన పుల్లలన్నీ ఉన్నాయి. పక్కపక్కనే రెండు గూళ్లు. ఒక్కో గూటిలో ఒక్కో పక్షి కూర్చుని, ఈ మొహాలు ఇక్కడికి కూడా వచ్చాయా అన్నట్టు చూసింది. ఒకటి లేచి, కింద సర్దుకుని, మళ్లీ కూర్చుంది. ఆ కాస్త సందులో మూడు గుడ్లు లేత నీలంగా కనబడ్డాయి. అద్దం ముందు గుంపు కనబడింది, అద్దం వెనక చాటు దొరికింది. సంసారానికి ఇంకేం కావాలి? పిట్టలాయన ఈసారి కళ్లు తుడుచుకోలేదు.

"పదిహేనేళ్ల నుంచి చెబుతున్నాను," అంది భార్య ఆయన చెవిలో. "పోయినవి అద్దం వెనక ఉంటాయని."

బయటికి వచ్చాక ఎవరూ ఏమీ అడగకుండానే అన్నీ తేలిపోయాయి. గుడ్లు పిల్లలయ్యేదాకా ఏ అద్దమూ కదపడానికి వీల్లేదు. బామ్మర్ది ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లి, షాపు ముందు "అద్దం లేదు, నమ్మకం ఉంది" అని బోర్డు పెట్టాడు. వెనక ఎలా ఉందని వాదించేవాడు లేకపోవడంతో పని తొందరగా అవుతోందని తర్వాత ఒప్పుకున్నాడు. టైలరమ్మ ఆ నెలంతా ఎవరు వచ్చినా "నా అద్దం పురిటికి వెళ్లింది" అని చెప్పింది. పక్కవీధికి వెళ్లిపోయిన ఆవిడ కూడా ఆ సంగతేమిటో విందామని తిరిగి వచ్చింది. లారీ ఇరవై నాలుగు ఖాళీ పెట్టెలతో వెనక్కి పోయింది.

నెల తిరిగేసరికి రెండు గూళ్లలోని ఐదు గుడ్లలో నాలుగు పిల్లలయ్యాయి. మూసివేత ఉత్తరం రద్దయింది. పుట్టినప్పుడు వాటికి తల నిండా నూగు ఉంటుందని, బోడి తర్వాత వస్తుందని, పిట్టలాయన వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. ఇక మిగిలింది ఒకటే. ముప్పై తొమ్మిది అని రాసిన రిపోర్టును సరిచేయాలి. ఆఫీసరు తన ఫొటో పట్టుకుని స్వయంగా వచ్చాడు.

డాక్టరమ్మ ఫొటోను బల్ల మీద పెట్టి పెన్సిలుతో టిక్కులు పెట్టింది. "నిజం పక్షులు తొమ్మిది. రెండు అప్పటికే అద్దం వెనక ఉన్నట్టున్నాయి. అద్దాల్లోవి ఇరవై తొమ్మిది. మొత్తం ముప్పై ఎనిమిది సార్."

"ముప్పై తొమ్మిది," అన్నాడు ఆఫీసరు. "నా లెక్క తప్పదు. ఆ పెద్ద మగపక్షిని వదిలేశారు. ఇదిగో, ఈ మూల అద్దంలో. నన్నే చూస్తోంది."

ఆయన వేలు పెట్టిన చోటికి అందరూ వంగారు. నిలువుటద్దంలో, చెక్కల మధ్య జానెడు సందులో, నున్నటి ఎర్రటి గుండు ఒకటి, దాని కింద దీక్షగా చూస్తున్న రెండు కళ్లు. ముక్కు మాత్రం అంత వంకరగా లేదు. పిట్టలాయన ఫొటో వైపు చూసి, ఆఫీసరు వైపు చూసి, మాట్లాడరాదనే బోర్డు ఎక్కడో అవతల ఉన్నా సరే, నోరు విప్పలేదు. ఆఫీసరు చాలాసేపు చూశాడు. తర్వాత బల్ల మీదున్న టోపీ అందుకుని తల మీద పెట్టుకున్నాడు.

కారణమేమీ రాయకుండానే ఫొటోలో కనబడిన పక్షుల సంఖ్యను ముప్పై ఎనిమిదిగా సవరించారు.